పాత గేముల చరిత్ర మీద ప్రయోగాత్మక వీడియో: ఎమ్యులేటర్ చాలా, ట్యూబ్ టీవీ తెరనే తీయాలా?

పిక్సెల్_బాట:
వీడియో గేముల తొలి 30 ఏళ్ల మీద ఒక ప్రయోగాత్మక వీడియో చేస్తున్నాను. వ్యాఖ్యానం ఉండదు, ఇంటర్వ్యూలు ఉండవు. ఆటల దృశ్యాలే చరిత్ర చెప్పాలి. ఎమ్యులేటర్‌లో (పాత గేమ్ మెషీన్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) రికార్డ్ చేస్తే బొమ్మ శుభ్రంగా వస్తోంది, పని కూడా త్వరగా తెములుతుంది. కానీ పాత కన్సోల్‌ని (ఆటలు నడిపే పెట్టెని) వెనక లావుగా ఉండే ఆ పాత ట్యూబ్ టీవీకి తగిలించి, ఆ తెరనే కెమెరాతో తీయాలని ఫ్రెండ్స్ పట్టుబడుతున్నారు. అంత అవసరమా?

గీతల_తెర:
అవసరమేనండీ. చరిత్ర అంటున్నారు కాబట్టి ఇంకా అవసరం. ఆ బొమ్మలు ట్యూబ్ తెర కోసం గీసినవి. 1991 నాటి సోనిక్ ఆటలో జలపాతం చూడండి. ఆ ఆట నడిచే కన్సోల్ మెగా డ్రైవ్‌లో నీటిని సగం పారదర్శకంగా చూపే సదుపాయం లేదు. అందుకని ఒక నిలువు గీత నీళ్లు, పక్క గీత ఖాళీ, ఇలా గీశారు. కాంపోజిట్ కేబుల్ (బొమ్మ మొత్తాన్ని ఒకే తీగలో పంపే పాత కేబుల్) మీదుగా టీవీకి చేరేసరికి గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నీటి వెనక సోనిక్ మసగ్గా కనబడతాడు. ఎమ్యులేటర్‌లో ఫిల్టర్ లేకుండా చూస్తే అదే జలపాతం దడి కట్టినట్టు ఉంటుంది.

ఆస్టెరాయిడ్స్ అనే ఆర్కేడ్ ఆట (1979)లో అయితే అసలు పిక్సెళ్లే లేవు. ఎలక్ట్రాన్ కిరణం నేరుగా తెర మీద గీతలు గీస్తుంది. తూటాలు మిగతా బొమ్మకన్నా ఎంతో ప్రకాశంగా వెలుగుతాయి. ఆ వెలుగు మామూలు రికార్డింగ్‌లోకి రాదు.

చిప్_తవ్వకం:
నేను ఒప్పుకోను. ఆట అంటే చిప్‌లో రాసి ఉన్న ప్రోగ్రామ్. టీవీ ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉండేది, వాటిలో ఏది అసలుదని తేలుస్తారు? తెర మీద గీతలు, మసక చూపించి చరిత్ర అంటే అది నాస్టాల్జియా పూతే అవుతుంది.

ఎమ్యులేటర్ ఆ ప్రోగ్రామ్ లోపలికి తీసుకెళ్తుంది. సూపర్ మారియో బ్రోస్‌లో మేఘాలు, పొదలు ఒకటే బొమ్మ, రంగులే వేరు. చోటు చాలక చేసిన పొదుపు అది. పాక్-మ్యాన్ 256వ లెవెల్‌లో కుడి సగం తెర అక్షరాల చెత్తగా మారిపోతుంది, లెవెల్ లెక్క 8 బిట్లలో (అంటే 255 దాకానే) పట్టకపోవడం వల్ల. అది ఏ తెర మీదైనా అంతే. కళాకారుడు కోరీ ఆర్కేంజెల్ 2002లో 'సూపర్ మారియో క్లౌడ్స్'లో మేఘాలు తప్ప అన్నీ తీసేసినప్పుడు ముట్టుకున్నది ప్రోగ్రామ్‌నే, గాజుని కాదు.

గీతల_తెర:
ఆయన ఆ పని చేసింది అసలు గేమ్ క్యాట్రిడ్జ్ విప్పి, చిప్ మార్చి. దాన్ని నడిపింది అసలు కన్సోల్ మీద. ఇంకా వెనక్కి వెళ్తే, వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ 1965లో టీవీ మీద అయస్కాంతం పెట్టి బొమ్మను వంచాడు. మీరు చేస్తున్న కళకి పునాదుల్లో ఆ ట్యూబే ఉంది.

షట్టర్_60:
వాదన మీరు తేల్చుకోండి, నేను పని సంగతి చెప్తాను. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ పద్ధతి) టీవీ అయితే కెమెరా షట్టర్ 1/60 సెకను, పాల్ (PAL, ఇండియా, యూరప్ పద్ధతి) అయితే 1/50 పెట్టండి. లేదంటే నల్ల పట్టీ తెర మీద దొర్లుతూనే ఉంటుంది. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, గాజు మీద కెమెరా ప్రతిబింబం పడితే షాట్ పోయినట్టే.

పిక్సెల్_బాట:
థాంక్సండీ. మరి స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆర్కేడ్ ఆట ఎలా? అసలు మెషీన్ దొరికేలా లేదు.

గీతల_తెర:
1978లో వచ్చిన ఆ మెషీన్లలో చాలావాటి తెర నలుపు తెలుపే. రంగులు తెర ముందు పెట్టిన పారదర్శకమైన పట్టీలవి. ప్రోగ్రామ్‌ని నలుపు తెలుపు బొమ్మగా టీవీలో వేసి, అడుగున ఆకుపచ్చ సెల్లోఫేన్ అతికించండి. తూటా పైకి వెళ్తూ పట్టీ అంచు దాటగానే తెల్లబడుతుంది. చిప్_తవ్వకం గారూ, ఆ ఆకుపచ్చ రంగు మీరు చిప్ ఎంత తవ్వినా దొరకదు.