తేనెటీగ, పట్టుపురుగు సారాలను మెదడుకు మందుగా ఇప్పుడే వాడవచ్చా?

మోత్కూరు పట్టురైతు:
తేనెటీగ విషం, తేనెపట్టులోని ప్రొపోలిస్ జిగురు, పట్టుపురుగు ప్రొటీన్లు మెదడు కణాలను చావకుండా కాపాడుతున్నట్టు ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. మా పెదనాన్నకు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉంది. లెవోడోపా మాత్రలు లక్షణాలను తగ్గిస్తాయే తప్ప కణాల నాశనాన్ని ఆపవని డాక్టరే చెప్పారు. అలాంటప్పుడు సహజమైన ఈ సారాలను వాడి చూడటంలో తప్పేమిటి? పట్టుగూటి నుంచి దారం తీశాక లోపల మిగిలే పురుగుకు, అంటే ప్యూపాకు గిరాకీ వస్తే రైతుకూ నాలుగు డబ్బులు మిగులుతాయి.

నల్లగొండ ఫార్మసిస్టు:
రైతు రాబడి న్యాయమైన విషయమే కానీ, రోగి చికిత్సను దానితో ముడిపెట్టకూడదు. అలాంటి ప్రయోగాల్లో తరచుగా ఎంపీటీపీ అనే విషంతో, ఎలుక మెదడులో కదలికలను అదుపుచేసే డోపమైన్ కణాలను కొద్ది రోజుల్లోనే దెబ్బతీస్తారు. మనిషిలో అవి ఏళ్ల తరబడి నశిస్తూ, వణుకు కనబడేసరికే చాలా భాగం పోయి ఉంటాయి. ఫ్రాన్సులో 40 మంది పార్కిన్సన్స్ రోగులకు నెలకొకసారి చొప్పున 11 నెలలపాటు, కొందరికి తేనెటీగ విషం, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు. 2016లో వెలువడిన ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇంకొకటి. వాపు తగ్గడానికి డాక్టర్లు మాత్రగా రాసిచ్చే సెర్రాషియోపెప్టిడేజ్ ఎంజైము మొదట దొరికింది పట్టుపురుగు పేగులోని బాక్టీరియాలోనే. జపానులో దశాబ్దాలు అమ్మిన తకేదా కంపెనీ, ఉత్తుత్తి మాత్రకన్నా అది మెరుగని తేలకపోవడంతో 2011లో తానే దాన్ని ఉపసంహరించుకుంది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ పేరు చెప్పి మరీ అడుగుతారు!

జడ్చర్ల జంతుశాస్త్ర అధ్యాపకుడు:
ఫార్మసిస్టు గారూ, ప్రతిసారీ ఒకే మోతాదు ఇస్తూ 40 మందిపై జరిగిన ఒక్క పరీక్షను తుది తీర్పుగా తీసుకోలేము. తేనెటీగ విషం ఒకే పదార్థం కాదు: అందులోని మెలిటిన్ కణపొరలకు చిల్లులు పెడుతుంది, అపామిన్ నాడీకణాల్లోని కొన్ని పొటాషియం మార్గాలను మూసివేస్తుంది. మేలు చేసేదాన్ని కీడు చేసేదాని నుంచి విడదీసి పరీక్షించాలి కానీ మొత్తం సారాన్నే కొట్టిపారేయకూడదు. అల్జీమర్స్‌లో వాడే గాలంటమిన్ కూడా మొదట పూలమొక్కల నుంచి వచ్చినదే కదా.

నల్లగొండ ఫార్మసిస్టు:
ఒప్పుకుంటాను. అయితే గాలంటమిన్ రోగికి చేరింది శుద్ధిచేసిన అణువుగా, కొలిచిన మోతాదులో, మనుషులపై రుజువైన తర్వాతే. పైగా అది కూడా మతిమరుపు లక్షణాలను కొంత తగ్గించేదే, కణాలను కాపాడుతుందని రుజువైన మందు కాదు.

మోత్కూరు పట్టురైతు:
మరి ప్యూపాను ఆహారంగా పెట్టవచ్చా, అన్నా?

నల్లగొండ ఫార్మసిస్టు:
ఆహారంగా అది మంచి ప్రొటీనే. అయితే అందులో ఎక్కువ భాగం అరుగుదలలో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది కనుక, మెదడుకు మందుగా లెక్క వేసుకోకండి. రొయ్యలు పడనివారికి ప్యూపా కూడా పడకపోవచ్చు. తేనెటీగ విషం ఇంజెక్షన్ జోలికి మాత్రం వెళ్లవద్దు, అలర్జీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా ఇది ప్రయోగ చికిత్స అంటూ డబ్బు అడిగితే, సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య చూపమనండి. మన దేశంలో 2009 నుంచి మందుల క్లినికల్ ట్రయల్స్‌ను అక్కడ నమోదు చేయడం తప్పనిసరి, ఆ జాబితాను ఎవరైనా చూడవచ్చు.