ఫోన్ కేబుల్ పెట్టినా కంప్యూటర్‌లో డ్రైవ్‌గా రావట్లేదు, ఏం చెయ్యాలి?

గాజువాక నుంచి:
అందరికీ నమస్తే. మా నాన్నగారి ఫోన్ 128 జీబీ, అందులో 2 జీబీ కూడా ఖాళీ లేదు. గుడ్ మార్నింగ్ ఫోటోలైతే ఒక్కొక్కటీ నాలుగేసి సార్లు ఉన్నాయి. డూప్లికేట్లు ఏరే సాఫ్ట్‌వేర్ ఒకటి ల్యాప్‌టాప్‌లో వేస్తే అది ఏ డ్రైవ్‌లో వెతకాలో చెప్పమంటోంది, కానీ సీ, డీ తప్ప ఇంకేమీ చూపించదు. 2011లో కొన్న నా పాత ఫోన్ కేబుల్ పెడితే చాలు పెన్‌డ్రైవ్ లాగా జీ అని వచ్చేసేది. ఇప్పుడేమో డ్రైవ్ సంగతి దేవుడెరుగు, అసలు ఫోనే కనపడట్లేదు, ఛార్జింగ్ మాత్రం ఎక్కుతోంది. విండోస్ 10.

ఎంవీపీ కాలనీ నుంచి:
గురూ, ఇందులో రెండు వేర్వేరు గొడవలున్నాయి, కలపకండి.

ఛార్జింగ్ ఎక్కి ఫోన్ కనపడలేదంటే ముందు కేబుల్‌నే అనుమానించండి. చవక కేబుళ్లు కొన్నింటిలో కరెంటు తీగలు రెండే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. నేను డాబాగార్డెన్స్‌లో బండి మీద 60 రూపాయలకి ఒకటి కొని రెండు రోజులు డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు వేసుకుంటూ తీసుకుంటూ కూర్చున్నాను, చివరికి చూస్తే తప్పు దానిదే. ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ వాడండి. ఫోన్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగితే యూఎస్‌బీతో ఛార్జ్ అవుతోందని ఒక ముక్క కనిపిస్తుంది, దాన్ని నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. లాక్ తియ్యకపోతే ఫోన్ పేరు వచ్చినా లోపల ఖాళీగా కనిపిస్తుంది, చాలామంది ఇక్కడే ఫైళ్లు పోయాయని టెన్షన్ పడతారు.

ఇక జీ డ్రైవ్ సంగతి. ఆ రోజుల్లో ఫోన్ తన మెమరీని మొత్తంగా కంప్యూటర్ చేతికి ఇచ్చేసేది. ఇచ్చినంతసేపూ ఫోన్ దాన్ని ముట్టుకోకూడదు. మీకు గుర్తుండే ఉంటుంది, కేబుల్ పెట్టగానే గ్యాలరీ ఖాళీ అయిపోయేది, కార్డులో వేసిన యాప్‌లు మాయమయ్యేవి. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0తో మొదలుపెట్టి మెల్లగా ఎంటీపీ అనే పద్ధతికి మారారు. ఇందులో మెమరీ ఫోన్ దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ ‘ఫలానా ఫైల్ ఇవ్వు’ అని అడగాలి, ఫోన్ ఒక్కొక్కటీ తీసి ఇస్తుంది. పైగా ఇప్పటి ఫోన్ల లోపలి మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే రహస్య కోడ్‌లోకి మారి ఉంటుంది, దాన్ని నేరుగా ఇచ్చినా విండోస్‌కి అర్థం కాదు. అందుకే దిస్ పీసీలో ఫోన్ బొమ్మ వస్తుంది గానీ డ్రైవ్ అక్షరం రాదు. మీ సాఫ్ట్‌వేర్ అక్షరం ఉన్నవాటినే వెతుకుతుంది కాబట్టి దానికి ఫోన్ ఉన్నట్టే తెలీదు. సెట్టింగుల్లో ఎంత వెతికినా దీనికి బటన్ లేదు.

మధురవాడ నుంచి:
అక్షరమే కావాలంటే దారి లేకపోలేదు. ఫోన్‌లో ఫైళ్లని నెట్‌వర్క్ మీదుగా కంప్యూటర్‌కి అందించే వెబ్‌డావ్ సర్వర్ యాప్ వేసి, రెండూ ఒకే వైఫైలో ఉంచి, ఆ యాప్ చూపించే అడ్రస్‌ని విండోస్‌లో మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ దగ్గర ఇస్తే జెడ్ అనో వై అనో వచ్చేస్తుంది. కాకపోతే విండోస్ మామూలుగా ఆ దారిలో 50 ఎంబీ దాటిన ఫైల్‌ని కాపీ చెయ్యనివ్వదు, అది మార్చాలంటే రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో చెయ్యి పెట్టాలి. ఫోటోలకి పరవాలేదు, పెళ్లి వీడియోలకి పనికిరాదు. మెమరీ కార్డ్ ఉన్న ఫోనైతే, దాన్ని ఫోన్ మెమరీలో కలిపేసి ఉండకపోతే, కార్డు తీసి రీడర్‌లో పెట్టెయ్యండి, నిక్షేపంగా డ్రైవ్ లాగానే వస్తుంది.

గాజువాక నుంచి:
అన్నా, కేబులే! మార్చగానే ఫోన్ వచ్చింది. కానీ రాత్రి మొత్తం ఫోల్డర్ కాపీ పెట్టి పడుకుంటే పొద్దున్నకి మధ్యలో ఆగిపోయి ఉంది. ఇంకోటి, కాపీ అయిన వాటిలో కొన్నింటికి నిన్నటి తేదీ పడింది. వాట్సాప్ ఫోల్డరైతే ఎక్కడా లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి:
ఎంటీపీతో ఒకేసారి వేల ఫైళ్లు లాగితే అంతే, మూడు నాలుగు వందల చొప్పున తీసుకోండి, మధ్యలో ఫోన్‌ని కదపకండి. తేదీకి కంగారు పడకండి, కెమెరాతో తీసిన ఫోటోకి తీసిన రోజు లోపలే రాసి ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చినవాటికి అది ఉండదు గానీ పేరు చూడండి, ఐఎంజీ-20190412-డబ్ల్యూఏ0003 అని ఉంటే 2019 ఏప్రిల్ 12న వచ్చిందని. వాట్సాప్ ఫోల్డర్ ఇప్పుడు బయట ఉండట్లేదు. ఆండ్రాయిడ్ తెరిచి మీడియా, అందులో కామ్.వాట్సాప్, అందులో వాట్సాప్, మళ్లీ మీడియా. ఇల్లు మారాక పాత వీధిలో వెతికినట్టు అందరూ బయటే వెతుకుతారు.

నిజం చెప్పాలంటే మీ పనికి కంప్యూటరే అక్కర్లేదు. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవీ 5 ఎంబీ దాటినవీ విడిగా చూపిస్తుంది. అచ్చంగా ఒకేలా ఉన్న కాపీలకి ఫైల్స్ బై గూగుల్ యాప్ చాలు. ముందు ఇంట్లో వాళ్ల ఫోటోలు మాత్రం ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే ఫోన్‌లోంచి తీసెయ్యండి.

గాజువాక నుంచి:
చేశాను, 31 జీబీ ఖాళీ అయింది. నాన్నగారు మాత్రం నిన్నటి గులాబీ పువ్వు ఫోటో ఏదిరా అని అడుగుతున్నారు, వీధిలో వాళ్లందరికీ ఇంకా పంపలేదట.