ఎస్‌ఐఆర్ షీట్‌లో ఎస్ మైనస్‌లోకి పోతోంది, తప్పెక్కడ?

కావలి లెక్కలు:
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అంటువ్యాధుల మోడలింగ్ తీసుకున్నాను. ఎస్‌ఐఆర్ మోడల్ వాడుతున్నా: ఎస్ అంటే ఇంకా సోకనివాళ్లు, ఐ అంటే జబ్బుతో ఉండి అంటించేవాళ్లు, ఆర్ అంటే కోలుకున్నవాళ్లు. 1978లో ఇంగ్లండ్‌లో ఒక బోర్డింగ్ స్కూల్లో వచ్చిన ఫ్లూతో మొదలుపెట్టా. 763 మంది పిల్లలు, బీటా (అంటించే రేటు) రోజుకి 1.66, కోలుకోను 2.2 రోజులు, మొదట ఒక్కడికే జబ్బు. తర్వాత చేయాల్సింది నెల్లూరు డెంగీ. ఆ లెక్కలు వారం వారం వస్తాయి కాబట్టి షీట్ మొత్తం వారానికి మార్చేశా: బీటా 11.62, గామా (కోలుకునే రేటు) 3.18. మూడో వారానికే ఎస్ మైనస్ 210! రోజుకో అడుగు (వరుసకి ఒక రోజు) వేస్తే మైనస్ రావట్లేదు గానీ పీక్ బాగా ఆలస్యమవుతోంది. ఇంకోటి, ఫైనల్ సైజ్ సూత్రం (చివరికి మొత్తం ఎంతమందికి సోకుతుందో చెప్పేది) 741 మందికి సోకాలంటోంది. స్కూల్లో మంచం పట్టింది 512 మందే. ఫార్ములా తేడానా, నాదేనా?

పెన్నా గట్టు:
ఫార్ములా సరైందే. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ రాసినప్పటి నుంచి అదే. తేడా అడుగు సైజులో ఉంది.

గామా 3.18 అంటే ఏందో ఒక్కసారి ఆలోచించండి. ఈ వారం పదిమంది పడుకుంటే వచ్చే వారానికి 32 మంది కోలుకోవాలి. ఎక్కడి నుంచి తెస్తారు? బీటా వైపూ అంతే, ఉన్న ఎస్ కన్నా ఎక్కువమందికి సోకించేస్తుంది, మీ మైనస్ అదే. అడుగు × గామా ఒకటి దాటిందంటే షీట్ పిచ్చి లెక్కలు చెప్తుంది. ఒకటిలోపు ఉన్నంత మాత్రాన సరిపోదు, అదే మీ రెండో సమస్య. మొదటి రోజు చివర ఐ ఎంతుండాలంటే సుమారు 3.3. రోజుకో అడుగేస్తే 2.2 దగ్గరే ఆగుతుంది. 0.1 రోజుకి తగ్గిస్తే 3.1, 0.05కి 3.2. రోజూ ఆ కాస్త వెనకబడి పీక్ ఆలస్యమవుతుంది.

షీట్ ఇట్లా కట్టండి. అడుగు 0.05 రోజు. 'కొత్తగా సోకినవాళ్లు', 'కొత్తగా కోలుకున్నవాళ్లు' రెండింటికీ విడి కాలమ్స్ పెట్టండి. ఎస్‌లో తీసేసిందీ ఐలో కలిపిందీ ఒకే సెల్ అయి ఉండాలి, రెండుసార్లు విడిగా లెక్కకట్టొద్దు. చివర మొత్తం కాలమ్ పెట్టి ప్రతి వరుసలో 763 వస్తోందా చూడండి. బీటా, గామా, అడుగు ఉన్న సెల్స్‌కి డాలర్ గుర్తు మర్చిపోతే కిందికి లాగినప్పుడు ఖాళీ సెల్స్‌లోకి జారిపోతాయి. జబ్బు ఉన్నట్టుండి ఆగిపోయిందంటే ముందు అక్కడ వెతకండి.

వారం లెక్క కావాలంటే మోడల్‌ని వారానికి మార్చకూడదు. 'కొత్తగా సోకినవాళ్లు' కాలమ్‌లో 140 వరుసలు కూడితే ఒక వారం. ఐ కాలమ్‌ని కూడొద్దు, ఒకే మనిషిని పదేపదే లెక్కేసినట్టవుతుంది. పైథాన్ వస్తే సైపై లైబ్రరీలో సాల్వ్ ఐవీపీ (solve_ivp) ఫంక్షన్ వాడండి, అడుగు సంగతి అదే చూసుకుంటుంది. అయినా ఒకసారి షీట్‌లో చేతులు కాల్చుకోవడం మంచిదే.

ఒంగోలు గణాంకం:
741 సంగతి నేను చెప్తా. ఆర్‌నాట్ (మొదట్లో ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడన్నది) అంటే 1.66 × 2.2, సుమారు 3.65. దాంతో పీక్ 283 వస్తుంది, స్కూల్లో అసలు పీక్ 300కి దగ్గర్లో ఉంది. కర్వ్ అతికినట్టు కూర్చుంటుంది, అందుకే అందరూ అక్కడ ఆగి చప్పట్లు కొడతారు. మొత్తం లెక్క దగ్గరే దొరికిపోతుంది.

ఆ డేటా జనవరి 22 నుంచి ఫిబ్రవరి 4 దాకా 14 రోజులు, ఏ రోజు ఎంతమంది మంచం మీద ఉన్నారన్నది. కొత్త కేసులు కాదు. పైగా మంచం పట్టిన పిల్లాడు క్లాసులో లేడు, మిగతావాళ్లకి అంటించే అవకాశం తగ్గిపోయింది. మనమేమో మంచం మీదున్నవాళ్లనీ అంటించేవాళ్లనీ ఒకే ఐ డబ్బాలో వేశాం. మధ్యలో ఇంకో డబ్బా పెట్టండి: ఎస్ నుంచి ఐ, ఐ నుంచి మంచం, అక్కడి నుంచి ఆర్. డేటాని మంచం డబ్బాతో పోల్చండి. అప్పుడు 2.2 రోజులకి అర్థమే మారుతుంది. అయినా 512 కుదరకపోతే, సోకినా మంచం పట్టనివాళ్లు కొందరు, ముందే రోగనిరోధకత ఉన్నవాళ్లు కొందరు ఉండొచ్చు. ఈ 14 అంకెలతో ఆ రెండింటినీ విడదీయలేం.

ఇంకో ఉచ్చు ఉంది. కర్వ్ ఎక్కే భాగం ఒక్కటే చేతిలో ఉంటే దొరికేది బీటా మైనస్ గామా మాత్రమే. రోజుకి 0.2 చొప్పున పెరుగుతోందనుకోండి. అంటించే కాలం 5 రోజులైతే ఆర్‌నాట్ 2, 10 రోజులైతే 3. 5 రోజులకి తోడు అంతకుముందు ఇంకో 5 రోజులు జబ్బు లోపలే దాగి ఉంటుందంటే 4. అదే కర్వ్, మూడు జవాబులు. కాబట్టి కాలాలు కర్వ్ నుంచి పిండకండి, వైద్యుల లెక్క నుంచి తెచ్చుకోండి.

కావలి లెక్కలు:
షీట్ సరిపోయింది సార్, మొత్తం ప్రతి వరుసలో 763 వస్తోంది. మరి డెంగీకి ఇదే ఎస్‌ఐఆర్ వాడొచ్చా?

పెన్నా గట్టు:
నేరుగా కుదరదు. మధ్యలో దోమ ఉంది. 1897లో సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాసే తర్వాత దోమకి విడి సమీకరణాలు రాశాడు, అక్కడి నుంచి మొదలుపెట్టండి. దోమ రెండుసార్లు కుట్టాలి, ఒకసారి తెచ్చుకోను, ఒకసారి ఇవ్వను. అందుకే కుట్టే రేటు వర్గంగా వస్తుంది. అంతకన్నా తమాషా దోమ ఆయుష్షుది. వైరస్ దోమలో పండడానికి 10 రోజులనుకోండి. రోజుకి 90 శాతం బతికితే 10 రోజులు దాటేవి 35 శాతం, 80 శాతం బతికితే 11 శాతమే. రోజువారీ బతుకు కాస్త తగ్గినా ఆర్‌నాట్ మూడోవంతుకన్నా కిందికి పడిపోతుంది.

మన దగ్గర ఇంకో మెలిక. నెల్లూరు, ప్రకాశంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. జూన్ వానలకి కట్టిన బీటా కర్వ్‌ని వేరేచోటు నుంచి తెచ్చి అతికిస్తే పీక్ నెలలే తప్పుతాయి. డెంగీ వైరస్ నాలుగు సీరోటైపుల (రకాల) జోలికి ఇప్పుడే పోకండి. ఒకటి వేసి, రిపోర్టయ్యే శాతాన్ని 5, 10, 20గా మార్చి చూడండి. జవాబు ఎంత ఊగుతుందో కూడా ప్రాజెక్టులో రాయండి.

రొయ్యల గుంట:
ఇందుకూరుపేట వైపు వాళ్లు ఎవరన్నా చదువుతుంటే ఒక మాట. రొయ్యల తెల్లమచ్చ జబ్బుకి ఇదే షీట్ వాడదామనుకుంటే ఆర్ డబ్బా కొట్టేయండి. జబ్బు ముదిరిన రొయ్య కోలుకోదు, చస్తుంది. చచ్చినదాన్ని మిగతావి తింటాయి, కాబట్టి చచ్చిన డబ్బా కూడా అంటిస్తూనే ఉంటుంది. బీటాని మొత్తం సంఖ్యతో (ఎన్‌తో) భాగించడం కూడా ఇక్కడ కుదరదు. బళ్లో పిల్లాడు రోజుకి కలిసేది దాదాపు అంతేమందిని, గుంటలో మాత్రం సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత ఒత్తుగా వేస్తే అంత రాపిడి. చదరపు మీటరుకి 40 అంటే ఎకరాకి లక్షా అరవై వేల పైనే. 20కి తగ్గిస్తే ఆర్‌నాట్ కూడా సగమవుతుంది, ఎన్‌తో భాగించిన మోడల్‌లో ఆ తేడా అసలు కనపడదు.

ఒంగోలు గణాంకం:
బాగా చెప్పారు. కావలి మిత్రమా, చివరగా అవకాశం లెక్క కూడా వేయండి. రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే తేలింది. ఒక్క కేసు దిగగానే మీ షీట్ కర్వ్ పైకి లేపేస్తుంది. నిజంగా అయితే ఆర్‌నాట్ 2 ఉన్నా, ఒక్కడితో మొదలైన గొలుసు సగం సార్లు దానంతటదే తెగిపోతుంది, ఆ అవకాశం ఒకటి బై ఆర్‌నాట్. అది అంటించే కాలం ఘాతాంక పంపిణీలో ఉందనుకున్నప్పటి సూత్రం. గిలెస్పీ పద్ధతిలో (ఒక్కో సోకడాన్నీ కోలుకోవడాన్నీ పాచిక వేసినట్టు నడిపే పద్ధతి) వెయ్యిసార్లు నడిపి, పది కేసులు దాటకుండా ఆగినవెన్నో లెక్కపెట్టండి. ఐదొందలకి దగ్గర్లో రాకపోతే కోడ్‌లో ఎక్కడో తప్పుంది.