కీమోకి ముందు తీసిన ఎగ్స్‌లో సగం మెచ్యూర్ కాలేదు, అలాగే ఫ్రీజ్ చేయించాలా?

లత_వైజాగ్: మా చెల్లికి 29, బ్రెస్ట్ కాన్సర్, సోమవారం కీమో. ఇవాళ పికప్‌లో 11 ఎగ్స్ వచ్చాయి, 6 ఎం-టూ (మెచ్యూర్ అయినవి), మిగతా 5 జీవీ (ఇంకా మెచ్యూర్ కానివి) అంట. ఆ 5 పడేయాలా, అలాగే ఫ్రీజ్ చేయాలా, ల్యాబ్‌లో మెచ్యూర్ చేసి పెట్టాలా అంటున్నారు, సాయంత్రంలోపు చెప్పాలి. స్టోరేజీకి ఏడాదికి ఎంత అవుతోంది మీకు?

సునీత77: 2019లో నావి నాలుగు జీవీలు అలాగే ఫ్రీజ్ చేశారు. ఫ్రీజింగ్‌లోంచి తీశాక నాలుగూ బతికాయంటే స్వీట్లు కూడా పంచాం, ఒక్కటీ మెచ్యూర్ అవలేదు. బతకడం వేరు పనికిరావడం వేరని ముందు చెప్పినోళ్లు లేరు.

చందు_బయోటెక్: అసలు జీవీ దశే సేఫ్ అండి. ఎం-టూలో స్పిండిల్ అని క్రోమోజోముల్ని పట్టుకునే దారాల కట్ట ఉంటది, చలికి విడిపోద్ది, క్రోమోజోములు చెదిరిపోతాయి. జీవీలో అయితే న్యూక్లియస్ లోపలే భద్రంగా ఉంటాయి.

గేదెల_డాక్టర్: పరీక్షలో రాయడానికి బావుంటది బ్రో. నేను మూడేళ్లు కబేళా నుంచి గేదె అండాశయాలు గోరువెచ్చటి సెలైన్ పోసిన ఫ్లాస్కులో మోసుకొచ్చి ల్యాబ్‌లో అండాలు మాగబెట్టే పనే చేశా. చుట్టూ ఉండే క్యుములస్ కణాలే అండానికి తిండీ సిగ్నళ్లూ పంపేది, ఫ్రీజింగ్‌లో ఆ లంకెలు తెగితే ఇంక సరిగ్గా మాగడం కష్టం. మామిడికాయని ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తర్వాత గడ్డిలో వేస్తే పండుద్దా?

చందు_బయోటెక్: ఆవిడ చెల్లెలి గురించి అడిగితే మీరు గేదెలు, మామిడికాయలు అంటారేంటండి?

గేదెల_డాక్టర్: 2009లో కర్నాల్‌లో క్లోన్ దూడ పుట్టింది ఇలా ల్యాబ్‌లో మాగబెట్టిన గేదె అండాలతోనే, తమరేం పుట్టించారు?

ల్యాబ్_రాణి: ఇద్దరూ ఆగండి, 14 ఏళ్లుగా ఎంబ్రియాలజిస్ట్‌ని. ఏ దశో తెలియాలంటేనే మేం క్యుములస్ ఒలిచేస్తాం, కాబట్టి గేదె డాక్టరు గారి లంకెలు ఈ 5కి ఎప్పుడో పోయాయి. ఇక స్పిండిల్ అంటారా, ఎం-టూని వార్మ్ చేశాక (ఫ్రీజింగ్‌లోంచి తీసి మామూలు వేడికి తెచ్చాక) రెండు మూడు గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచితే చాలావరకు మళ్లీ కట్టుకుంటది, అందుకే అప్పటిదాకా ఇక్సీ (సూదితో వీర్యకణాన్ని అండంలోకి ఎక్కించడం) చేయం. లతా, 24 నుంచి 48 గంటలు చూసి ఎం-టూ అయినవే విట్రిఫై (చాలా వేగంగా ఫ్రీజ్) చేయమనండి. అలా అయినవి ఆ 6 అంత గట్టివి కావు, ముందే మనసులో పెట్టుకోండి.

రమణి_డాలస్: ఇండియాలో పదేళ్లు దాటితే పారేస్తారంట కదా??

ల్యాబ్_రాణి: 2021 ఏఆర్‌టీ చట్టంలో (ఐవీఎఫ్ లాంటి వాటి చట్టం) పదేళ్లన్నది డోనర్ ఇచ్చిన అండాలకీ వీర్యకణాలకీ, పిండాలకీ అండి. మీ సొంతవి అయితే సంతకం పెట్టిన కాగితాలు ఓసారి చదువుకోండి, ఎవరూ చదవరు.

బాబ్జీ_కోనసీమ: గేదెల డాక్టరు గారూ మాది ముర్రా, మూడుసార్లు ఇంజెక్షన్ చేయించినా చూడి నిలవట్లేదు, ఇన్‌బాక్స్ చూడండి

లత_వైజాగ్: రాణి గారూ థ్యాంక్స్, రెండ్రోజులు ఆగమన్నాం. 5లో 2 ఎం-టూ అయ్యాయి, మొత్తం 8 నైట్రోజన్‌లోకి వెళ్లాయి. నిన్న మొదటి కీమో అయింది, వాంతులు బాగా ఉన్నాయి. స్టోరేజీ ఎంతో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.