అప్‌డేట్: మూడుసార్లు పొర్లిన జెర్సీ ఆవు చూడి కట్టింది

మెడకు సెన్సార్ బెల్టు కట్టి, అది ఎద అని తెలిపిన ప్రతిసారీ కృత్రిమ గర్భధారణ సూది వేయించినా మా జెర్సీ సంకర ఆవు మూడుసార్లు పొర్లిందని (చూడి కట్టక మళ్లీ ఎదకు వచ్చిందని), లోపం బెల్టుదేనా అని వేసవిలో అడిగినది నేనే. మాది చీపురుపల్లి దగ్గర. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

బెల్టులో లోపం లేదు. దాని సందేశాలు ఇంచుమించు 21 రోజుల ఎడంతోనే వచ్చాయి. ఎదలో ఆవు వేసే జిగట తీగలను వెలుతురులో పరిశీలించమన్న సలహాయే దారి చూపింది. పైకి స్వచ్ఛంగానే అనిపించిన తీగలను గాజుపలక మీద వేసి ఎండకు ఎత్తి పట్టుకుంటే, లోపల నూక గింజలంత తెల్లని మచ్చలు కనిపించాయి. పశువైద్యులు వాటిని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో కలిపి పరీక్షనాళికలో వేడిచేయగా పసుపు రంగుకు తిరిగింది. అది గర్భకోశపు వాపుకు గుర్తని, కిందటి ఈతలో మాయ ఆలస్యంగా పడడమే కారణమై ఉండవచ్చునని చెప్పారు. నేను ఆ సంగతి మొదటి ప్రశ్నలో రాయనేలేదు.

మందు వేశాక ఒక ఎదను వదిలేయించి, తర్వాతి ఎదలో తీగలు తేటగా ఉన్నాయని చూసుకున్న తరువాతే సూది వేశారు. బెల్టు సందేశం తెల్లవారుజామున రావడంతో అదే సాయంత్రం వేశారు. 70 రోజులకు చేయి పెట్టి చూసి చూడి నిర్ధారించారు.

వీర్యం రకం మార్చవలసిన అవసరం రాలేదు. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం, దీనితో సంబంధం లేకపోయినా, పాల కోసం కొనసాగిస్తున్నాను.