టిఫాలో మెదడు లోపం కనిపించిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారు? వైజాగ్ తల్లిదండ్రులు చెప్పండి

సీతమ్మధార_అక్క:
మా చెల్లెలికి అయిదో నెల. బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయా అని చూసే టిఫా స్కాన్‌లో బిడ్డ మెదడులో నీరుండే గదులు 11.5 మిల్లీమీటర్లు వచ్చాయి, ఇంకే తేడా లేదని రాశారు. అత్తవారింట్లో అప్పుడే "తీయించేద్దాం" అంటున్నారు. అది ఏడుస్తూ కూర్చుంది. ఇలాంటి రిపోర్టు వచ్చిన పిల్లలు బడి వయసుకి ఎలా ఉన్నారు?

మధురవాడ_నాన్న:
10 దాటితే ఎక్కువ, 15 దాటితే తీవ్రం అంటారండి. మా పాపకీ 11 పైనే ఉండేది. ఇన్‌ఫెక్షన్లకి రక్తపరీక్షలు, ఉమ్మనీటి పరీక్ష చేయించాం. తేడా ఏమీ లేదు. తర్వాతి స్కాన్లలో అది పెరగలేదు. ఇప్పుడు రెండో తరగతి, తోటిపిల్లలకి ఎందులోనూ తీసిపోదు. 12 లోపు ఉండి వేరే లోపం లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది మామూలుగానే ఎదుగుతారని డాక్టరుగారు చెప్పారు. తొందరపడొద్దు.

గాజువాక_అమ్మ:
మా బాబుది వేరే సంగతి. మెదడు కుడి, ఎడమ భాగాలను కలిపే నరాల కట్ట, కార్పస్ కలోసమ్, వాడికి ఏర్పడనే లేదు. కడుపులో ఉండగానే ఎంఆర్‌ఐ తీసి ఖాయం చేశారు. ఇదొక్కటే లోపమైతే పదిమందిలో ఆరేడుగురు బాగానే ఉంటారన్నారు. నడక, మాట వేళకే వచ్చాయి. రెండేళ్లకి "ఇక రానక్కర్లేదు" అన్నారు.

కష్టం బళ్లో బయటపడింది. తెలుగు పాఠం గడగడా చదువుతాడు. "కుందేలు ఎందుకు దాక్కుంది?" అనడిగితే మళ్లీ అదే వాక్యం చదువుతాడు. చొక్కా గుండీ దగ్గర ఒక చేయి పట్టుకుంటే రెండోది ఆగిపోతుంది. పిల్లలు తనని ఏడిపిస్తుంటే వాళ్లతో కలిసి నవ్వుతాడమ్మా, తన గురించేనని తెలియదు. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పరీక్ష చేయిస్తే ఐక్యూ మామూలుగానే ఉంది! ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే చికిత్స) మొదలెట్టాక గుండీలు పెట్టుకుంటున్నాడు. రెండేళ్లకి బాగున్నారని చూపించడం మానకండి. బళ్లో వేసేముందు ఒకసారి, మూడు, నాలుగు తరగతుల్లో మళ్లీ చూపించండి.

పెందుర్తి_మేనత్త:
మా మేనల్లుడికి 15 దాటింది. పుట్టాక తలలో నీరు పోవడానికి షంట్ అనే గొట్టం వేశారు. తొమ్మిదేళ్లొచ్చాయి, చేయి పట్టుకుంటే నడుస్తాడు, మాటలు కొన్నే. వదిన రోజంతా వాడి చుట్టూనే. బాధ లేదని చెప్పలేను, వాడంటే మాకు ప్రాణం. షంట్ ఉన్న పిల్లలకి వాంతులు, తలనొప్పి, మత్తు వస్తే అజీర్తి అనుకుని ఆగొద్దు. అది మూసుకుపోయి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. సచివాలయంలో సదరం (వైకల్య ధ్రువపత్రం) స్లాట్ పెట్టించండి, వైకల్యం 40 శాతం వస్తే పెన్షన్‌కి అర్హత. ఇలాంటి పిల్లలకిచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష వరకు, థెరపీకి కూడా ఇస్తారు.

సీతమ్మధార_అక్క:
అందరికీ దండం. నిర్ణయానికి గడువు దాటిపోతుందని వాళ్లు తొందరపెడుతున్నారు.

మధురవాడ_నాన్న:
2021లో గర్భస్రావ చట్టం మారింది. బిడ్డకి తీవ్రమైన లోపముంటే 24 వారాల తర్వాతైనా మెడికల్ బోర్డు చూస్తుంది. మళ్లీ స్కాన్‌కి, ఎంఆర్‌ఐకి టైముంది. సమ్మతి మీ చెల్లెలిది, అత్తింటివాళ్లది కాదు. ఆమె వద్దంటే ఎవరూ చేయించడానికి లేదు.

సీతమ్మధార_అక్క:
గాజువాక అక్కా, బాబుకి చేయించిన పరీక్ష ఏమని అడగాలి?

గాజువాక_అమ్మ:
ఐక్యూ ఒక్కటే సరిపోదు తల్లీ. రోజువారీ పనులు, నలుగురితో మెలగడం ఎలా ఉన్నాయో కూడా చూడమని క్లినికల్ సైకాలజిస్టుని అడగాలి. ముందు ఆ రెండో స్కాన్ కానివ్వండి.