లా అండ్ ఆర్డర్ 22వ సీజన్ నుంచి ఏ వరసలో చూడల్ల?

అందరికీ నమస్తే, మాది ప్రొద్దుటూరు. డిక్ వుల్ఫ్ తీసిన లా అండ్ ఆర్డర్ అనే అమెరికా పోలీసు, కోర్టు సీరియల్ నేనూ మా నాన్నా రోజూ రాత్రి భోజనాలయినాక చూస్తాండాం. 1990లో మొదలై 2010లో 20 సీజన్లతో ఆగిపోయి మళ్ళీ 2022 ఫిబ్రవరిలో వచ్చింది కదా, ఆ 21వ సీజన్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది, పాత సీజన్లలోని లాయరు జాక్ మెక్కాయ్ మళ్ళీ కనపడితే నాన్న ఎంత సంతోషపడినాడో. 22వ సీజన్ మొదటి ఎపిసోడ్ పెడితే మాత్రం కథ సగం నుంచి మొదలైంది, ఎవరు చచ్చిపోయినారో ఏమో ఒక్క ముక్క అర్థం కాలే.

యాప్ తీసేసి మళ్ళీ వేసినా, వెనక ఎపిసోడ్ ఏమన్నా వదిలేసినామా అని చూసినా, లాభం లేదు. తర్వాత వెతికితే తెలిసింది, అది 2022 సెప్టెంబర్ 22న లా అండ్ ఆర్డర్ పేరుతోనే వచ్చే మూడు సీరియళ్ళు కలిపి వేసిన కథంట: మొదటి భాగం ఆర్గనైజ్డ్ క్రైమ్‌లో, రెండోది ఎస్‌వీయూ (స్పెషల్ విక్టిమ్స్ యూనిట్)లో, మూడోది దీంట్లో. డిక్ వుల్ఫ్‌కి చికాగో, ఎఫ్‌బీఐ అని ఇంకా బోలెడు సీరియళ్ళు ఉండాయి, అన్నీ చూసే ఓపిక మాకు లేదు.

ఈ ఎపిసోడ్ తర్వాత లా అండ్ ఆర్డర్‌లో ఇట్లా వేరే సీరియల్‌తో కలిసిన ఎపిసోడ్లు ఏవేవి, ఎవరన్నా సీజన్, ఎపిసోడ్ నంబర్లతో చెప్తారా?